సొంతంగా కట్టిన తేలిక బండికి ముందు సస్పెన్షన్: ఆటోనగర్ వర్క్‌షాపు పనిపై సమీక్ష

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనుక వీధిలో ఉన్న ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపు చేత, నూజివీడు దగ్గర మా మామిడి తోటలో తిప్పుకోవడానికి సొంతంగా కట్టుకున్న నాలుగు చక్రాల బ్యాటరీ బండికి ముందు సస్పెన్షన్ చేయించుకున్నాను. ఆర్మ్‌ల (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేతుల) తయారీ, వెల్డింగ్, స్టీరింగ్ అమరిక, ఈ మూడింటిలోనూ వారి పని నేను అడిగినదానికంటే మెరుగ్గానే వచ్చింది. స్ప్రింగుల విషయంలో మాత్రం వారి మీద భారం వేయడం తగదని అనుభవం మీద తెలిసింది. ఎందుకు తగదో, అడగవలసింది ఏమిటో కొంత వివరంగా రాస్తున్నాను. వర్క్‌షాపు పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. అలాంటి పని చేసే షెడ్లు ఆటోనగర్‌లో మరికొన్ని ఉన్నాయి, ఏ గడప తొక్కినా తేల్చుకోవలసిన విషయాలు ఇవే.

ముందుగా బండి సంగతి. బ్యాటరీలతో కలిపి ఖాళీ బరువు 310 కిలోలు, ఇద్దరు మనుషులు కూర్చుంటే 460 కిలోలు. మోటారు వెనుక ఇరుసుకు ఉంది కాబట్టి ముందు చక్రాలకు తిరగడం, ఆగడం, ఎగుడుదిగుళ్లను మింగడం తప్ప వేరే పని లేదు. వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటదు. ఇలాంటి బండిని రోడ్డు మీదికి తీసుకెళ్లే ఆలోచన ఉన్నవారు ఆ ఆశ ముందే వదులుకోవడం మంచిది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన ప్రకారం తయారీదారు తన నమూనా వాహనాన్ని పుణేలోని ఏఆర్ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) వంటి అధీకృత సంస్థలో పరీక్ష చేయించి ధ్రువపత్రం పొందాలి. సొంతంగా ఒక్క బండి కట్టుకునేవారికి అది అయ్యే పని కాదు. మాది తోట గట్లు దాటని బండి.

ముందు చక్రాల కోసం నేను ఎంచుకున్నవి పాత మారుతి 800 నకిళ్లు (హబ్బును పట్టి ఉంచి, స్టీరింగుతో పాటు తిరిగే భాగాలు), చక్రం బిగించే హబ్బులు, డిస్క్ బ్రేకులు, స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ). 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి వరకు తయారైన కారు కావడంతో దాని విడిభాగాలు పాత సామాను కొట్లలో ఇప్పటికీ దొరుకుతాయి, ధరా తక్కువే, 12 అంగుళాల చక్రం కూడా తేలిక బండికి సరిపోతుంది. చిక్కల్లా ఆ కారు సస్పెన్షన్ పద్ధతిలోనే ఉంది. అందులో ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఒకే నిలువు కడ్డీగా ఉండే ఏర్పాటు. స్ట్రట్ పై కొసను పట్టి ఉంచడానికి చక్రానికి పైన ఎత్తుగా, గట్టిగా బాడీ ఉండాలి. పైపులతో కట్టిన పొట్టి ఛాసిస్‌లో ఆ ఎత్తు ఎక్కడి నుంచి వస్తుంది? పైగా ఆ కారులో దిగువ ఆర్మ్ ఒంటి కడ్డీలా ఉంటుంది. అది ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే పని యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా రెండు పక్కల చక్రాలను కలిపే కడ్డీ) చేస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి తెచ్చి మన ఛాసిస్‌కు తగిలించడం కుదరదు. అందుకే నకిల్, హబ్ మాత్రం ఉంచుకుని, పైన ఒకటి, కింద ఒకటి ఇంగ్లీషు A ఆకారపు ఏ-ఆర్మ్‌లు వేసే డబుల్ విష్‌బోన్ పద్ధతికి మార్చాలని నిర్ణయించాను. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో 2007లో మొదలైన బాజా ఎస్ఏఈ ఇండియా పోటీలకు బండ్లు కట్టే ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామంది అనుసరించే దారి కూడా ఇదే.

వర్క్‌షాపు యజమాని అరవై దాటిన మేస్త్రి. కాగితం మీద నేను గీసుకెళ్లిన బొమ్మను చూసి ఆయన మొదట అడిగిన ప్రశ్న నకిల్ గురించే. పై బాల్ జాయింట్‌ను (ఆర్మ్‌నూ నకిల్‌నూ కలిపే, అన్ని వైపులా తిరిగే గుండు కీలును) ఎక్కడ బిగిస్తారని అడిగారు. నకిల్ మీదే ఒక చెవి వెల్డింగ్ చేస్తే చాలదా అన్న నా ఆలోచనను ఆయన అక్కడికక్కడే తోసిపుచ్చారు. పోత ఇనుము భాగానికి మామూలు వెల్డింగ్ పెడితే అతుకు పక్కనే పెళుసుబారి, పైకి ఏమీ కనబడకుండానే లోపల పగులు పడుతుందనీ, చక్రాన్ని మోసే భాగంలో అది ఒప్పుకోనిదనీ చెప్పి, దానికి బదులు స్ట్రట్‌ను బిగించే రెండు బోల్టుల రంధ్రాలనే వాడుకున్నారు. 6 మి.మీ. ప్లేటును యూ ఆకారంలో వంచి, ఆ రెండు రంధ్రాలకు సరిపోయేలా డ్రిల్లు చేసి, దాని తలమీద పై బాల్ జాయింటు కూర్చునే గూడు కట్టారు. కింది రంధ్రం గుండ్రంగా, బోల్టు బిగువుగా దూరేలా ఉంది. పై రంధ్రాన్ని మాత్రం రెండు మి.మీ. పొడవుగా సాగదీసి, అందులో మధ్య తప్పిన తల ఉన్న బోల్టును పెట్టారు. స్పానరుతో ఆ బోల్టును తిప్పితే క్యాంబర్, అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం నిలువు నుంచి ఒరిగే కోణం, మారుతుంది. కొత్త కార్లలో చూసే ఏర్పాటే అయినా, నేను అడగకుండానే చేసిపెట్టడం నన్ను ఆకట్టుకుంది.

ఇదే పనిలో ఆయన పట్టుకున్న మరో విషయం చాలామంది బండి కట్టుకునేవారి దృష్టికి రాదు. ముందు చక్రాలే నడిపే కారు హబ్బులో బేరింగును బిగించి ఉంచేది డ్రైవ్ షాఫ్టు (ఇంజను శక్తిని చక్రానికి అందించే కడ్డీ) కొస, దాని నట్టు. మనం ముందు చక్రాలకు డ్రైవ్ ఇవ్వడం లేదు కదా అని షాఫ్టు తీసేసి ఊరుకుంటే బేరింగుకు బిగువు పోతుంది, చక్రం వదులై చివరికి హబ్బుతో సహా బయటికి వచ్చేసే ప్రమాదం ఉంది. మేస్త్రి పాత షాఫ్టుల బయటి కప్పులను తెప్పించి, కప్పు భాగాన్ని కోసేసి, మిగిలిన స్టబ్బును లేత్ మీద చదును చేసి హబ్బులో పెట్టి, కొత్త నట్టుతో టార్క్ రెంచి పట్టి బిగించారు. ఈ ఒక్క పని తెలియని షెడ్డుకు మారుతి హబ్బులు అప్పగించవద్దని నా గట్టి సలహా.

ఇక జ్యామితి. బాల్ జాయింట్ల మధ్య నిలువు దూరం 230 మి.మీ. వచ్చింది. కింగ్‌పిన్ గీత అంటే రెండు బాల్ జాయింట్లను కలుపుతూ పోయే, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు గీత. ముందు నుంచి చూస్తే అది లోపలికి వాలే కోణం కింగ్‌పిన్ వాలు, పక్క నుంచి చూస్తే వెనక్కు వాలే కోణం క్యాస్టర్. 9 డిగ్రీల కింగ్‌పిన్ వాలు కావాలంటే పై జాయింటు కిందిదానికంటే 36 మి.మీ. లోపలికి ఉండాలి, 5 డిగ్రీల క్యాస్టర్ కావాలంటే 20 మి.మీ. వెనక్కు ఉండాలి. క్యాస్టర్ కొంచెం ఎక్కువగా అడగడానికి కారణం ఉంది. బరువు తక్కువైన బండిలో టైరు తనంతట తాను స్టీరింగును తిరిగి తిన్నగా తెచ్చే శక్తి తక్కువ, తోట బాటలో వేగమూ తక్కువ, కాబట్టి ఆ లోటును క్యాస్టర్ తీర్చాలి. పవర్ స్టీరింగ్ లేకపోయినా ముందు చక్రం ఒక్కోదాని మీద పడేది వంద కిలోలు చిల్లరే కాబట్టి చేతికి బరువు అనిపించదు. మారుతి చక్రాన్నే వాడటం వల్ల కింగ్‌పిన్ గీత నేలను తాకే చోటుకూ టైరు మధ్యకూ దూరం పెరగలేదు. ఆటోరిక్షా చక్రమో, స్కూటరు చక్రమో తగిలించి ఉంటే ఆ దూరం పెరిగి, ప్రతి రాయికీ స్టీరింగ్ చేతిలోంచి లాక్కున్నట్టు అయ్యేది. పని పూర్తయ్యాక డిజిటల్ కోణమానితో నేను కొలిచినప్పుడు కుడి ఎడమల క్యాస్టర్ మధ్య తేడా అర డిగ్రీలోపే ఉంది. చేతిపనితో నడిచే షెడ్డులో ఇది సామాన్యమైన ఖచ్చితత్వం కాదు.

ఆ ఖచ్చితత్వం ఎలా వచ్చిందో దగ్గర నుంచి చూశాను. ఆర్మ్‌లకు 25 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం ఉన్న అతుకులేని పైపు వాడారు. దళసరి ప్లేటు మీద బుష్‌లకు (ఆర్మ్ లోపలి కొసలు ఛాసిస్ బోల్టు మీద తిరిగే గొట్టాలకు), బాల్ జాయింటుకు మూడు పిన్నులు నిలబెట్టి జిగ్ తయారు చేసి, పైపు కొసలను చేప నోరులా కోసి కూర్చోబెట్టి, ముందు టాకాలు మాత్రమే వేశారు. టాకాలు పడ్డాక కొలతలు చూసి, ఆపైన ఎదురెదురు వైపుల నుంచి కొంచెం కొంచెంగా సీఓటూ వెల్డింగ్ నింపుకుంటూ వచ్చారు. నింపడం అయిన వెంటనే ఆర్మ్‌ను ఊడదీయలేదు, చల్లారే వరకు జిగ్‌లోనే ఉంచారు. వేడిగా ఉన్నప్పుడే పిన్నులు తీస్తే పైపు వంకరపోతుంది, బుష్‌ల రెండు రంధ్రాలూ ఒకే గీత మీద ఉండవు, బోల్టును సుత్తితో కొట్టి దూర్చవలసి వస్తుంది. మాకు బోల్టులు వేలితో నెడితే దూరాయి. దిగువ ఆర్మ్‌కు బాల్ జాయింటు చోట మరలున్న రాడ్ ఎండ్ బేరింగు పెట్టమని తోటి బండి ప్రియులు కొందరు సూచించారు, సర్దుబాటుకు వీలని. స్ప్రింగు బరువంతా మోసే దిగువ ఆర్మ్‌లో ఆ మరల భాగం వంపు బలానికి లోనవుతుంది, మర మొదట్లోనే విరుగుతుంది. మేస్త్రి దానికి ఒప్పుకోక, మారుతి దిగువ ఆర్మ్ నుంచి బాల్ జాయింటు ఉన్న కొసను కోసి తెచ్చి అతికారు. ఇది సరైన నిర్ణయం.

ఈ వర్క్‌షాపుకు నేను పూర్తి మార్కులు ఇచ్చేది స్టీరింగ్ అమరికలో. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు డ్రైవరు స్టీరింగ్ తిప్పకుండానే చక్రం తనంతట పక్కకు తిరగడాన్ని బంప్ స్టీర్ అంటారు. సొంతంగా కట్టిన బండ్లలో కనిపించే జబ్బుల్లో దీనికంటే విసిగించేది లేదు. ఇది రాకుండా ఉండాలంటే టై రాడ్ (ర్యాక్‌ను నకిల్‌కు కలిపే కడ్డీ) లోపలి జాయింటు, పై కింది ఆర్మ్‌ల లోపలి ఇరుసులను కలిపే గీత మీద పడాలి, బయటి జాయింటు రెండు బాల్ జాయింట్లను కలిపే గీతకు దగ్గరగా ఉండాలి, దానితోపాటు టై రాడ్‌ను పొడిగించి చూస్తే రెండు ఆర్మ్‌ల గీతలూ కలిసే బిందువు వైపే అది కూడా పోవాలి. కారు ర్యాక్ పొడవు మన చేతిలో లేదు. చాలామంది ఛాసిస్ మొత్తం కట్టేశాక ఖాళీ ఉన్న చోట ర్యాక్‌ను బిగిస్తారు, సరిపోకపోతే ర్యాక్‌నే కోసి అతుకుతారు. మేస్త్రి మాట ఇక్కడ యథాతథంగా రాయదగినది: "ర్యాక్‌ను బట్టి ఛాసిస్ కట్టాలి బాబూ, ఛాసిస్‌ను బట్టి ర్యాక్ కొయ్యకూడదు." నా బొమ్మలోని దిగువ ఆర్మ్ బ్రాకెట్లను రెండు వైపులా లోపలికి జరిపించి, ఆ మేరకు ఆర్మ్‌లను పొడిగించి, 330 మి.మీ.కి తెచ్చారు. పై ఆర్మ్ 240 మి.మీ. దగ్గర నిలిచింది.

బిగించాక స్ప్రింగు తీసేసి, చక్రం స్థానంలో ఒక చదును ప్లేటు పెట్టి, దాని ముందు వెనుక కొసలకు రెండు డయల్ గేజీలు ఆనించి, జాకీతో హబ్బును 75 మి.మీ. పైకీ అంతే కిందికీ కదిపి చూశాము. మొదటి కొలతలో పూర్తిగా పైకి వెళ్లేసరికి రిమ్ దగ్గర 6 మి.మీ. టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగే కొలత) మారింది. ఇంత మారితే గతుకు బాటలో బండి నిలకడగా పోదు. ఇక్కడ లెక్క సులువే. టై రాడ్ పొడవు 300 మి.మీ., స్టీరింగ్ ఆర్మ్ (నకిల్ మీద టై రాడ్ తగిలే చెయ్యి) పొడవు 110 మి.మీ. ర్యాక్‌ను 8 మి.మీ. ఎత్తితే 75 మి.మీ. కదలికకు టై రాడ్ కొస సుమారు 2 మి.మీ. అడ్డంగా తేడాపడుతుంది, రిమ్ దగ్గరికి వచ్చేసరికి అది అయిదున్నర మి.మీ. అవుతుంది. ర్యాక్ బ్రాకెట్ల కింద 8 మి.మీ. షిమ్‌లు (ఎత్తు సరిచేసే లోహపు ముక్కలు) వేయించగానే మిగిలిన తేడా మిల్లీమీటరులోపుకు దిగింది. మేస్త్రికి ఈ లెక్క కాగితం మీద రాదు, కానీ గేజీ ముల్లు ఎటు పోతే ర్యాక్‌ను ఎటు జరపాలో చేతికి తెలుసు. నేను లెక్క పూర్తి చేసేలోపే ఆయన షిమ్ ముక్కలు కోయించడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఫిర్యాదుకు వస్తాను. 460 కిలోల్లో ముందు ఇరుసు మీద 45 శాతం, అంటే 207 కిలోలు. చక్రానికి 103 కిలోలు పడితే, అందులో నకిల్, హబ్, డిస్కు, చక్రం వంటి స్ప్రింగు కింద ఉండే భాగాలు 18 కిలోలు, స్ప్రింగు మోసేది 85 కిలోలు. కారు నకిళ్లు వాడినందుకు తేలిక బండి కట్టే పన్ను ఈ 18 కిలోలే. తోట బాటకు సెకనుకు ఒకటిన్నర ఊపులు ఉండేలా చూసుకుంటే మనిషికీ బుట్టల్లోని కాయలకూ హాయి. దానికి చక్రం దగ్గర మిల్లీమీటరుకు 7.5 న్యూటన్ల స్ప్రింగు బలం కావాలి. స్ప్రింగు చక్రం మీద నేరుగా లేదు, దిగువ ఆర్మ్ మీద లోపలికి ఉంది, పైగా వాలుగా ఉంది. చక్రం 10 మి.మీ. కదిలితే స్ప్రింగు 6 మి.మీ. మాత్రమే నొక్కుకుంటుంది. ఈ 0.6 నిష్పత్తి లెక్కలో రెండుసార్లు వస్తుంది, బలంలో ఒకసారి, కదలికలో ఒకసారి. కాబట్టి 7.5ను 0.36తో భాగించాలి. స్ప్రింగుకు కావలసిన బలం మిల్లీమీటరుకు 21 న్యూటన్లు. 8 మి.మీ. తీగ, 60 మి.మీ. సగటు వ్యాసం, పనిచేసే 9 చుట్లతో ఇది సరిగ్గా వస్తుంది. ఈ కొలతలన్నీ కాగితం మీద రాసి మేస్త్రికే ఇచ్చాను, ఆయన తనకు తెలిసిన స్ప్రింగుల దుకాణంలో చుట్టించి తెచ్చారు.

వచ్చిన స్ప్రింగులు బిగించి బండిని నేల మీద దించగానే ముక్కు పైకి లేచి ఉంది. ఇద్దరం ఎక్కి కూర్చున్నా అనుకున్న ఎత్తుకంటే 4 సెంటీమీటర్లు పైనే నిలిచింది. వెర్నియర్ పెట్టి చూస్తే తీగ 9 మి.మీ. ఉంది. 8 మి.మీ. తీగ అందుబాటులో లేదట, ఒక మిల్లీమీటరుకే ఏమవుతుంది, ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని చుట్టేశారట. స్ప్రింగు బలం తీగ మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 8 బదులు 9 వేస్తే పెరిగేది ఎనిమిదో వంతు కాదు, 60 శాతం. 21 న్యూటన్లు 33 దాటాయి. బండి బరువుకు చక్రం 110 మి.మీ. కుంగవలసింది 69 దగ్గరే ఆగింది. ఒకటిన్నర ఊపులు దాదాపు రెండు అయ్యాయి. కూర్చున్నవారికి కుదుపు తగలడం ఒక్కటే నష్టం కాదు. చక్రం గుంటలోకి దిగడానికి ఉంచుకున్న 75 మి.మీ. కదలికలో సగానికి పైగా ముందే ఖర్చైపోవడంతో, బాటకు అడ్డంగా కొట్టిన నీటి కాలువ దాటేటప్పుడు లోపలి చక్రం గాలిలో తేలింది. అంత కష్టపడి సరిచేసిన బంప్ స్టీర్ అమరిక కూడా, ఆర్మ్‌లు వేరే వాలులో నిలబడటం వల్ల, నిష్ప్రయోజనం అయ్యింది.

మేస్త్రి ఇందులో తన తప్పు లేదనలేదు, స్ప్రింగులు తీసుకుంటూ తానే కొలిచి ఉండవలసిందని ఒప్పుకున్నారు. కానీ కొత్త స్ప్రింగుల ఖర్చు మళ్లీ నా మీదే పడింది, ఆ దుకాణం డబ్బు వెనక్కి ఇవ్వలేదు. రెండోసారి సరైన తీగతో చుట్టే మరో చోట నేనే స్వయంగా చేయించుకుని, బిగించకముందే బలం కూడా చూసుకున్నాను. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు. స్ప్రింగును సన్నని కడ్డీకి తొడిగి నిలబెట్టి, పైన పలక వేసి, 50 కిలోల సిమెంటు బస్తా పెడితే 21 న్యూటన్ల స్ప్రింగు 23 మి.మీ. కుంగాలి. 15 మి.మీ. దగ్గరే ఆగితే మీ చేతిలో ఉన్నది 9 మి.మీ. తీగ.

షాక్ అబ్జార్బర్ల ఎంపికలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. షెడ్డులో తేలికగా దొరుకుతాయని బరువైన మోటారు సైకిల్ వెనుక షాకప్‌లను వాటి స్ప్రింగులతో సహా పెట్టాలని వారు మొదట చూశారు. బైకు మీద అవి దాదాపు నిటారుగా, చక్రం పక్కనే ఉంటాయి, ఇక్కడ ఆర్మ్ మధ్యలో వాలుగా ఉంటాయి. అక్కడ సరిపోయినది ఇక్కడ సరిపోవాలని లేదు. చివరికి స్ప్రింగులు తీసేసిన షాకప్‌లు మాత్రం ఉంచుకున్నాము, అవి ఫరవాలేదు.

కూలీ, పైపు, ప్లేటు, లేత్ పని కలిపి రూ. 18,500 తీసుకున్నారు. నకిళ్లు, ర్యాక్ నేను తెచ్చుకున్నవే. చెప్పిన గడువుకు ఇవ్వలేదు, ఫోను చేస్తే "రేపు" అంటారు. పెయింటు పని నాసిగా ఉంది, ఆర్మ్‌ల లోపలి మూలల్లో ప్రైమరే అందలేదు, నేను మళ్లీ గీకి వేసుకున్నాను. తీసుకున్న డబ్బుకు జ్యామితి పని మాత్రం చవకే.

అక్కడికి వెళ్లేవారు చక్రాల మీద పడే బరువును ఇంటి దగ్గరే తూచుకుని, స్ప్రింగు కొలతలు తేల్చుకుని, స్ప్రింగులు సొంతంగా చుట్టించుకుని వెళ్లండి. ర్యాక్, నకిళ్లు ముందుగానే మేస్త్రి చేతిలో పెట్టి, ఆ తరువాతే ఛాసిస్ ముందు భాగం కట్టించండి. డయల్ గేజీ కొలత మీ ఎదుటే జరగాలని అడగండి, వారు అభ్యంతరం చెప్పరు. బుష్‌ల దగ్గర ఒక్క మాట: అడగకపోతే నైలాన్ బుష్‌లు వేస్తారు. నైలాన్ తడిని పీల్చుకుని ఉబ్బుతుంది, మొదటి వానాకాలానికే ఆర్మ్ బిగుసుకుని కిర్రుమంటుంది. పాలీయురేథేన్ బుష్‌లు మీరే తెచ్చి ఇచ్చి, ప్రతి బుష్‌కూ ఒక గ్రీజు నిప్పుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) పెట్టించుకోండి. నిప్పుల్‌కు రంధ్రం ఆర్మ్ జిగ్‌లో ఉండగానే కొట్టాలి, బుష్ ఎక్కించాక కొడితే దాన్ని కూడా డ్రిల్లు తినేస్తుంది.